ఆరేదాకా ఎవరూ అడుగు పెట్టకూడదు

తెలివి పంచిపెట్టిన రోజున సూక్ష్మంపూడి వారు అందరికంటే ముందే వెళ్ళి వరసలో నిలబడ్డారట. నిలబడ్డారు సరే, గిన్నె పట్టుకెళ్ళడం మరిచిపోయారు. మడికిలంకలో ఎవర్నడిగినా ఈ మాటే చెబుతారు. సూక్ష్మంపూడి వారిని అడిగితే మాత్రం, "మాకు గిన్నెలెందుకండీ, మా ఇంట్లో ముందు నుంచే ఉందిగా" అంటారు.

ఆ ఇంట్లో ఉన్నది నలుగురు. అక్కగారు వరహాలమ్మ, ఆవిడ తమ్ముళ్ళు ముగ్గురు. పెద్దవాడు గవరయ్య. కళ్ళజోడు ఉన్నది అతనొక్కడికే, అందుకని ఇంట్లో చదువు అతనిది. నడిపివాడు సోమలింగం, బలం అతనిది. మూడోవాడు చిట్టబ్బాయి. నలభై ఎనిమిదేళ్ళొచ్చినా ఆ పేరు అతన్ని వదల్లేదు. ఒకసారి వరహాలమ్మ ఇంట్లో భజన పెట్టుకుని, "గుమ్మం దగ్గరుండి ఎవరొచ్చినా మర్యాదగా కూర్చోబెట్టరా" అంది. అంతే. భజన వాళ్ళు వచ్చేసరికి చాప మీద చేపలమ్మే ఆవిడా, కరెంటు మీటరు చూసే అతనూ, పక్కింటి మేకా కూర్చుని ఉన్నారు. మేకని కూర్చోబెట్టడానికే తనకి గంట పట్టిందని చిట్టబ్బాయి అందరికీ చెప్పుకున్నాడు.

వరహాలమ్మ మొగుడు పోయి పాతికేళ్ళు. అప్పట్నుంచీ ఈ ముగ్గురి కాపలా ఆవిడ పని. "ఈ ఇంట్లో బుర్ర ఉన్నది నాకొక్కదానికే" అని రోజుకి మూడుసార్లు, పొద్దున కాఫీ దగ్గర, మధ్యాహ్నం పప్పు దగ్గర, రాత్రి పక్కలేసేటప్పుడు అనుకుంటుంది. గురివింద గింజ తన కింద నలుపెరగదని పెద్దలు ఊరికే అనలేదు. కానీ ఆ సంగతి గింజకి చెప్పేదెవరు?

ఆవిడకి ఉన్న దిగులల్లా ఒక్కటే. మధ్యాహ్నం మూడింటికి పనులన్నీ అయ్యాక మనిషిలాంటి మనిషి ఒకరు ఎదురుగా కూర్చోవాలి. తను చెప్పింది వినాలి. విన్నాక తిరిగి ఒక మాట అనాలి. అంతకంటే ఏమీ వద్దు. తమ్ముళ్ళతో "ఏం ఉక్కరా బాబూ" అంటే ముగ్గురూ లేచి, "ఎక్కడక్కా?" అని చుట్టూ చూస్తారు. పాతికేళ్ళుగా ఇదే సంభాషణ.

మేడ మీద ఓ వాటా ఉంది. ఎవరైనా అద్దెకొస్తే ఆ మాట్లాడే మనిషి దొరికినట్టే. కానీ ఆరేళ్ళుగా అది ఖాళీ. చివరిసారి దిగినాయన ఓ రోజు "తలుపు కిర్రుమంటోందండి, నిద్ర పట్టడం లేదు" అన్నాడు. సాయంత్రానికి సోమలింగం తలుపు ఊడదీసి పట్టుకెళ్ళాడు. మర్నాడు ఆయన "గాలికి కిటికీలు కొట్టుకుంటున్నాయి" అనబోయి, నోరు మూసుకుని, సామాను సర్దుకున్నాడు.

అలాంటి ఇంటికి ఆషాఢంలో ఓ దంపతులొచ్చారు. నరసింగరావు గారు ముప్పై ఏళ్ళు నీలగిరి టీ తోటల్లో మేనేజరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన భార్య కనకవల్లిది ఇక్కడికి దగ్గరి ఊరే. ఆవిడ వస్తూనే వరహాలమ్మ పక్కన అరుగు మీద కూర్చుని, "ఈ ఉక్కకి ఆవకాయ బూజు పట్టకుండా ఎలా కాపాడతారండీ మీరు?" అంది.

వరహాలమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాతికేళ్ళలో ఒక మనిషి ఆవిణ్ణి ఒక ప్రశ్న అడగడం, జవాబు కోసం ఆగడం అదే మొదలు. ఆవకాయ దగ్గర మొదలుపెట్టి మాగాయ మీదుగా అప్పడాల దాకా వెళ్ళింది. మనసంతా నిండిపోయింది.

నరసింగరావు గారికి మాత్రం ఇల్లు నచ్చలేదు, పెరడు నచ్చింది. "అమ్మా, నాకు గోల్ఫ్ ఆట అలవాటు. పెద్ద మైదానం అక్కర్లేదు. పచ్చిక మీద బంతిని కర్రతో మెల్లగా తట్టి కన్నంలో పడేస్తారు చూడండి, పటింగ్ గ్రీన్ అంటారు దాన్ని. రోజూ సాయంత్రం ఓ గంట అలా ఆడమని డాక్టరు చెప్పాడు. మీ పెరట్లో అది వేసుకోనిస్తే శ్రావణంలో దిగిపోతాం. ఖర్చంతా నాది" అన్నాడు.

"మీరు రావడమే మాకు భాగ్యమండీ. మీరొచ్చేసరికి మేమే వేయించి ఉంచుతాం" అంది వరహాలమ్మ.

ఆయన సంతోషించి, డబ్బిచ్చి, ఎలా వెయ్యాలో ఓ చీటీ మీద రాసిచ్చి వెళ్ళాడు. శ్రావణంలో మూడో శుక్రవారం సామాను లారీతో వస్తామన్నాడు.

వాళ్ళు వీధి మలుపు తిరగ్గానే వరహాలమ్మ తమ్ముళ్ళని కూర్చోబెట్టింది. "ఒరే, మీ సంగతి నాకు తెలుసు. మీ సొంత తెలివి చిటికెడు కూడా వాడొద్దు. చీటీలో ఏముందో అక్షరం తప్పకుండా అదే చెయ్యాలి. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. అర్థమైందా?"

"అర్థమైందక్కా" అన్నారు ముగ్గురూ. ఇంకేముంది, కొంప మునగడానికి ముహూర్తం కుదిరింది.

మర్నాడు పొద్దున్నే గవరయ్య కళ్ళజోడు తుడుచుకుని చదివాడు. "పెరట్లో పదడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవున జానెడు లోతు బంకమన్ను తవ్వి తీసెయ్యాలి. మీ ఊరి మన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. దాని మీద ఏదీ నిలవదు. తీసిన మన్ను వాన తగిలే చోట వదలొద్దు. కరిగి మళ్ళీ గుంటలోకే వస్తుంది."

"జానెడు అంటే ఎవరి జానెడు?" అన్నాడు సోమలింగం. అతని చెయ్యి చేటంత.

ఎవరి జాన పెట్టి చూసినా ఇంకొకరి జానతో కలవలేదు. గంటసేపు వాదించుకున్నారు. చివరికి వరహాలమ్మే తీర్పు చెప్పింది. "ఒక తల్లి పిల్లలం. మనలో మనకి పక్షపాతం ఎందుకు? నలుగురం నాలుగు భాగాలు పంచుకుందాం. ఎవరి భాగం వాళ్ళ జానతో తవ్వుకోండి." అంతే. సాయంత్రానికి పెరట్లో నాలుగు మెట్ల గుంట తయారైంది. సోమలింగం భాగం అన్నిటికంటే లోతు.

"మన్ను ఏం చేశార్రా?" అని నాలుగో రోజున అడిగిందావిడ.

"వాన చుక్క తగలని చోట పెట్టాం" అన్నాడు సోమలింగం చెమట తుడుచుకుంటూ. "మూడు రోజులు మోశానక్కా. అద్దంలా చదును చేసి మరీ వచ్చాను."

"పర్లేదురా, నీకూ బుద్ధొచ్చింది" అని వరహాలమ్మ అతనికి ఆ పూట రెండు గారెలు ఎక్కువ వేసింది. ఎక్కడ పెట్టావని మాత్రం అడగలేదు. ఆ ఒక్క మాట అడిగుంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

రెండో మాట: "గుంట అడుగున ఇంటి వైపు నుంచి గోడ వైపుకి వాలుగా నీళ్ళు పోయే పైపు వెయ్యాలి. పచ్చికకి వేసేదని చెప్పి అడగండి, ఇస్తారు."

చిట్టబ్బాయి బజారుకెళ్ళి పచ్చికకి వేసే పైపు కావాలని అడిగి తెచ్చాడు. దాని ఒంటినిండా కన్నాలు. వరహాలమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఓటి సరుకు అంటగట్టాడురా నీకు! ఇందులో నీళ్ళెలా పోతాయి? ఒక బిందెడు పోసి చూడండి" అంది.

పోశారు. ఈ చివర పోసిన నీళ్ళు ఆ చివరకి ఒక్క చుక్క చేరలేదు. మొత్తం కన్నాల్లోంచే కారిపోయాయి.

"చూశారా? బుర్ర ఉండాలి దేనికైనా!" అంది వరహాలమ్మ. కొవ్వొత్తులు తెప్పించింది. నలుగురూ పైపు చుట్టూ కూర్చుని, మైనం కరిగించి, ఒక్కొక్క కన్నమూ పూడ్చారు. మూడు వందల పన్నెండు కన్నాలు. చిట్టబ్బాయి వేలు నాలుగు చోట్ల కాలింది. మళ్ళీ బిందెడు పోస్తే ఆ చివర నుంచి బిందెడూ వచ్చింది. భూమిలో నీళ్ళు పైపులోకి దిగే దారి ఒక్కటీ మిగల్లేదు గానీ, ఆవిడ గర్వం మాత్రం పొంగి పొర్లింది.

మూడో మాట: "పైపు మీద బెత్తెడు మందాన కంకర. దాని మీద నీళ్ళు దిగేదీ, మన్ను దిగనిదీ అయిన గుడ్డ. గుడ్డ మీద రాతిపొడి."

ఇంట్లో ఉన్న గుడ్డలన్నీ బయటికొచ్చాయి. దుప్పట్లు, తువ్వాళ్ళు, వరహాలమ్మ చీరలు, గవరయ్య లుంగీ. ఒక్కొక్క దాంట్లో గుప్పెడు మన్నేసి చెంబుడు నీళ్ళు పోశారు. దుప్పటిలో నీళ్ళు దిగలేదు. లుంగీలో మన్ను దిగింది. చీరల్లో రెండూ దిగాయి. చివరికి పెట్టె అడుగు నుంచి పోయిన నాన్నగారి పెళ్ళి పంచెలు తీశారు. నీళ్ళు చక్కగా దిగాయి, మన్ను రేణువైనా దిగలేదు.

ఆ పంచెల చాపు అంటే వరహాలమ్మకి ప్రాణం. ఏటా ఓసారి ఎండలో వేసి, వాసన చూసి, మళ్ళీ మడత పెట్టేది. కానీ మేడ మీద కూర్చుని ఆవకాయ మాట్లాడే కనకవల్లి కళ్ళ ముందు మెదిలింది.

"నాన్న బతికుండగా పెరట్లోకి తొంగి చూసిన పాపాన పోలేదు" అని ముక్కు చీదింది. "ఇప్పుడైనా ఇంటికి పనికొస్తాడు. పరవండి."

నాలుగో మాట: "రాతిపొడి తడిపి, నలుగురు మనుషులు వారం రోజులు పొద్దునా సాయంత్రం తొక్కితే గట్టిపడుతుంది."

నలుగురే ఉన్నారు, దేవుడు లెక్క చూసే పుట్టించాడు. చేతులు పట్టుకుని గుండ్రంగా తొక్కారు. గోడ మీంచి చూసినవాళ్ళు ఏదో వ్రతం అనుకుని కొబ్బరికాయలు కూడా పంపించారు. మూడో రోజున పోస్టుమాన్ ఉత్తరం ఇద్దామని పెరట్లోకొచ్చి ఆ మూల నుంచి ఈ మూలకి నడిచాడు. గుండెలు బాదుకుంది వరహాలమ్మ.

"ఐదో మనిషి తొక్కాడు! చీటీలో నలుగురే అని ఉంది!"

"ఇప్పుడేం చేద్దామక్కా?"

"ఏముంది, వేసిన అడుగులు వెనక్కి తీసుకోమనండి."

పాపం పోస్టుమాన్ మంచివాడు. పైగా ఇంకా ఊరంతా తిరగాల్సినవాడు. వాళ్ళతో వాదించడం కంటే ఇదే తొందరగా అవుతుందని, తన అడుగుల గుర్తుల్లోనే కాళ్ళు పెట్టుకుంటూ, వెనక్కి వెనక్కి నడిచి గేటు దాటాడు. ఆ తర్వాత వాళ్ళ ఉత్తరాలన్నీ వీధిలోంచే విసిరేసేవాడు.

వారం గడిచింది. మూడో శుక్రవారం ఇంకా నాలుగు రోజులుంది. చిట్టబ్బాయి గునపం పట్టుకుని సరిగ్గా తొక్కిన నేల మధ్యలో నిలబడి, ఎక్కడైనా ఎత్తుపల్లాలున్నాయేమో చూస్తున్నాడు. గట్టు మీద గవరయ్య ఐదో మాట చదివాడు.

"ఇప్పుడు ఆరనివ్వాలి. ఆరేదాకా ఎవరూ అడుగు పెట్టకూడదు."

అంతే. చిట్టబ్బాయి ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయింది. మెల్లగా దాన్ని లేపిన చోటే దింపాడు. "అక్కా, నేను లోపలున్నాను" అన్నాడు గద్గదంగా.

వరహాలమ్మ నుదురు కొట్టుకుంది. బయటికి రావాలంటే అడుగు పెట్టాలి. పెట్టకూడదని రాశారు. ఆవిడ ఎంతలా ఆలోచించినా ఆ ముడి విడలేదు. "నువ్వు కదలకురా నాయనా. ఒక్క పూటలో ఆరిపోతుంది" అంది.

శ్రావణమాసం, సముద్రం పక్కన ఊరు. ఉప్పు డబ్బాలోనే నీరవుతుంది. వేయించిన అప్పడం కంచంలోకొచ్చేసరికి మెత్తబడుతుంది. అలాంటి చోట తడిసిన నేల ఒక్క పూటలో ఆరుతుందట! పైగా పైపు కన్నాలన్నీ మైనంతో మూశారు. కింద నీళ్ళు ఎక్కడికి పోతాయి, వాళ్ళ తెలివిలాగే అక్కడే ఉండిపోయాయి.

మధ్యాహ్నానికి సోమలింగం కొబ్బరికాయలు కోసే దోటి చివర అన్నం గిన్నె కట్టి అందించాడు. చిట్టబ్బాయి తిని, "పులుసులో ఉప్పు తగ్గిందక్కా" అన్నాడు.

"కూర్చోడానికి ముక్కాలి పీట విసరనా?" అంది వరహాలమ్మ, ప్రాణం ఉసూరుమని.

గవరయ్య చీటీ మళ్ళీ చూశాడు. "ఎవరూ అని ఉందక్కా. పీటకి మూడు కాళ్ళున్నాయి."

పీట ఆగిపోయింది. రాత్రి గునపం మీద గడ్డం ఆనించి కునుకు తీశాడు చిట్టబ్బాయి. మిగతా అవసరాల సంగతి అడక్కండి, ఇంట్లో అందరూ వినే కథ ఇది.

మర్నాడు తెల్లవారగానే వరహాలమ్మ పూజ పళ్ళెం పట్టుకుని గట్టు మీదకొచ్చింది. "శ్రావణ మంగళవారం. స్నానం చెయ్యకుండా ఉంటావట్రా? అప్రదిష్ట!" అంది. చిట్టబ్బాయి నిలబడ్డ చోటే ఉన్నాడు కాబట్టి, గవరయ్యా సోమలింగం చెరో బకెట్టూ తెచ్చి గట్టు మీంచే అతని నెత్తిన కుమ్మరించారు. నీళ్ళు అతని ఒంటి మీంచి నేల మీదకి, నేల మీంచి గుంటలోకి.

"ఇదేంటక్కా, నిన్నటికంటే ఎక్కువ తడిసింది?" అన్నాడు గవరయ్య సాయంత్రం మట్టి ముట్టుకుని చూసి.

"ఉక్క మరి" అంది వరహాలమ్మ.

టేబుల్ ఫ్యాన్లు రెండు తెచ్చి పెట్టారు. సాంబ్రాణి వేశారు. గవరయ్య విసనకర్ర పట్టాడు. బుధవారం పొద్దున మళ్ళీ స్నానం. గురువారం పొద్దున మళ్ళీ స్నానం, లక్ష్మీవారం కదా అని తలంటు కూడా. ఎంత ఆరబెట్టినా నేల ఎందుకు ఆరడం లేదో ఆ ఇంట్లో ఒక్క బుర్రకీ అందలేదు. ఒళ్ళంతా కుంకుడు నురుగుతో మధ్యలో నిలబడి చిట్టబ్బాయి కూడా, "ఈ ఊరి గాలే అంతండి" అని పెద్దమనిషిలా పెదవి విరిచాడు.

గురువారం మధ్యాహ్నం నరసింగరావు గారు పంపిన గడ్డి తివాచీ చుట్ట, ప్లాస్టిక్ పోచలతో నేసినది, లారీలో దిగింది. రేపు తెల్లారితే శుక్రవారం. వరహాలమ్మ ఆ చుట్ట చుట్టూ రెండుసార్లు తిరిగింది. అదొక్కటీ వెయ్యకపోతే కనకవల్లి రాదు. కనకవల్లి రాకపోతే మళ్ళీ పాతికేళ్ళు "ఎక్కడక్కా?" తప్ప ఇంకో మాట ఉండదు.

"ఆరాకే తివాచీ పరవాలని ఉందక్కా" అన్నాడు గవరయ్య.

ఆవిడ కళ్ళు మూసుకుని ఆలోచించింది. ఆలోచించినప్పుడల్లా ఆవిడ ముక్కుపుడక తిప్పుకుంటుంది. మూడు చుట్లు తిప్పాక ముఖం వెలిగింది. "పరవడానికి కదా ఆరాలని రాశారు? మనం పరవొద్దు. దొర్లిద్దాం. దొర్లించడానికి ఆరాలని ఎక్కడైనా ఉందా?"

చీటీ ఇటూ అటూ తిప్పి చూశారు. లేదు. ముగ్గురూ అక్కగారి బుద్ధికి చేతులెత్తి దణ్ణం పెట్టారు. గట్టు మీదున్న ఇద్దరూ తివాచీ చుట్టని తన్నారు. అది దొర్లుకుంటూ వెళ్ళి సరిగ్గా చిట్టబ్బాయి కాళ్ళ దగ్గర ఆగింది.

"ఇంకేముంది, అడ్డంగా మనిషున్నాడు" అన్నాడు సోమలింగం.

"చీటీలో చివరి మాట ఏమిట్రా?" అంది వరహాలమ్మ.

"బంతి పడటానికి మధ్యలో కన్నం ఉండాలి."

"ఉండాలి కదా! చిట్టబ్బాయి మధ్యలోనే ఉన్నాడు కదా! వాడి చుట్టూ కన్నం కోస్తే రెండు పనులూ అయిపోతాయి."

అంతే. దోటికి కట్టిన కత్తిపీటతో చిట్టబ్బాయి రెండు పాదాల కొలతకి తివాచీ కోసి, అతని చుట్టూ పరిచారు. క్షమించాలి, దొర్లించారు. పాదాలు రెండూ కన్నంలో, చుట్టూ పచ్చటి గడ్డి. వరహాలమ్మ కొబ్బరినూనె రాసి, పొడుగు చీపురుతో, చీటీలో ఉన్నట్టే, పోచలు ఎదురు దువ్వింది. నూనె రాయమని చీటీలో లేదు గానీ, దువ్వేటప్పుడు నూనె రాయకపోతే చూసినవాళ్ళు ఏమనుకుంటారు?

"ఇప్పుడు గడ్డి మీద నడిచి వచ్చెయ్యరాదురా?" అని జాలిపడింది.

"గడ్డి కింద ఆరిందా?" అన్నాడు చిట్టబ్బాయి రోషంగా. "మూడు రోజులు నిలబెట్టుకున్న మాట. నీ పేరు చెడగొడతానా అక్కా?"

ఆవిడకి తమ్ముడి మీద ఎన్నడూ లేనంత ప్రేమ కలిగింది.

శుక్రవారం పదింటికి కారు ఆగింది. వెనకే సామాను లారీ. వరహాలమ్మ పట్టుచీర కట్టుకుని ఎదురెళ్ళింది. కనకవల్లి దిగుతూనే ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, "మీరు చెప్పినట్టు చేశాను వదినగారూ. ఒక్క ముక్క బూజు పడితే ఒట్టు" అంది. వదినగారూ! ఆ పిలుపు విన్నాక వరహాలమ్మ కాళ్ళు నేల మీద ఆనలేదు.

నరసింగరావు గారు కర్ర చేత్తో పట్టుకుని నేరుగా పెరట్లోకి వెళ్ళాడు. వెళ్ళి అక్కడే ఆగిపోయాడు. నిగనిగలాడే పచ్చిక. దాని మధ్యలో కొత్త పంచె కట్టుకుని, బొట్టు పెట్టుకుని, గునపం పట్టుకుని నిలబడ్డ మనిషి.

"ఆయన ఎవరండి?"

"మా చిన్నవాడండి. ఆరలేదండి" అన్నాడు గవరయ్య.

ఆయనకి అర్థం కాలేదు. పెద్దమనిషి కాబట్టి రెట్టించలేదు. బంతిని పెట్టి మెల్లగా తట్టాడు. బంతి నూనె మీద సర్రున జారి, సోమలింగం జానతో తవ్విన భాగం దాకా వెళ్ళి, బుడుంగుమని మునిగింది. గడ్డి మీద రెండు బుడగలొచ్చాయి.

"కింద నీళ్ళు నిలిచిపోయాయి!" అన్నాడాయన. "పైపు వెయ్యలేదా?"

"వేశాం. మీరు చూస్తే మెచ్చుకుంటారు" అంది వరహాలమ్మ. ఓటి పైపు వైనం, కొవ్వొత్తుల వైనం, మూడు వందల పన్నెండు కన్నాల వైనం ఉత్సాహంగా చెప్పింది. వింటూ వింటూ ఆయన బట్టలుతికే బండ మీద కూర్చుండిపోయాడు. జాన సంగతి, పంచెల సంగతి, స్నానాల సంగతి గవరయ్య పూర్తిచేశాడు. ఆయన ముఖంలో కోపం, నవ్వు, ఏడుపు వంతులవారీగా వచ్చి వెళ్ళాయి.

"నాయనా చిట్టబ్బాయ్" అన్నాడు చివరికి. "ఆ చీటీ రాసింది నేనే. నేనే చెబుతున్నాను, వచ్చెయ్యి బాబూ."

చిట్టబ్బాయి అక్క వైపు చూశాడు. అక్క తలూపింది. బుళుక్ బుళుక్ మంటూ నడిచి వచ్చి, గట్టెక్కి, ఆయన కాళ్ళ మీద పడ్డాడు.

"పోన్లెండి" అంది కనకవల్లి భర్తతో. ఆవిడ మనసు వెన్న. "పచ్చిక మళ్ళీ వేయించుకోవచ్చు. ఇంతమంచి మనుషులు దొరుకుతారా? ముందు మేడ మీద సామాను దింపించండి."

వరహాలమ్మ ప్రాణం లేచొచ్చింది. తాళంచెవి తీసుకుని మెట్లెక్కింది. వెనక కనకవల్లి, ఆ వెనక నరసింగరావు గారు. పాత అద్దెదారు వెళ్ళాక మళ్ళీ బిగించిన తలుపు తోస్తే కదల్లేదు. గట్టిగా తోస్తే జానెడు తెరుచుకుంది. ఇంకా తోసింది.

మేడ మీద వాటా అంతా మోకాలి లోతు బంకమన్ను. ఈ గోడ నుంచి ఆ గోడకి, హాలులో, వంటగదిలో, అద్దంలా చదును చేసిన నల్లటి మన్ను. నెల్లాళ్ళుగా మూసిన గదిలో ఉక్కకి చెమటలు కక్కుతోంది. దేవుడి గూటి కింద పుట్టగొడుగులు మొలిచాయి.

"వాన చుక్క తగలని చోటు ఊళ్ళో ఇదొక్కటే దొరికిందక్కా" అన్నాడు సోమలింగం కింద నుంచి.

వెనక్కి తిరిగితే కనకవల్లి ముఖం చూడాలి. ఆ ధైర్యం లేక వరహాలమ్మ ముందుకే నడిచింది. "రండి, రండి. కిటికీ తీస్తే గాలి ఎలా వస్తుందో చూద్దురుగాని" అంటూ, పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి, మన్నులో దిగబడుతూ, గది మధ్యదాకా వెళ్ళింది. అక్కడ కాళ్ళు ఇరుక్కుని ఆగిపోయింది.

కనకవల్లి గుమ్మం దగ్గర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడింది. నరసింగరావు గారు ఆ మన్ను చదునుని చాలాసేపు చూశాడు. ముప్పై ఏళ్ళలో ఎంతో పచ్చిక చూసినవాడు. "కింద వేసినదానికంటే ఇదే బాగా కుదిరింది" అన్నాడు. తర్వాత గొంతు మెత్తగా చేసుకున్నాడు. "అమ్మా, తడి మన్ను ఇప్పుడు మోయించారంటే మెట్లూ గోడలూ అన్నీ పాడవుతాయి. కిటికీలు తెరిచి ఆరనివ్వండి. ఆరేదాకా ఎవరూ అడుగు పెట్టకండి."

"ఆరాక కబురు పెట్టండి వదినగారూ" అంది కనకవల్లి. జాలో, మర్యాదో, ఆవిడకే తెలియాలి. "తప్పకుండా వస్తాం."

కారు తిరిగింది. లారీ తిరిగింది. చప్పుడు వీధి చివర ఆగిపోయేదాకా వరహాలమ్మ కదల్లేదు. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

"వచ్చెయ్యక్కా, అన్నం తిందాం" అన్నాడు గవరయ్య గుమ్మం దగ్గర్నుంచి.

ఆవిడ మన్నులోంచి కాలు పైకి లాగింది. అప్పుడే ఏదో గుర్తొచ్చింది. తీసిన కాలు తీసిన గుంటలోనే మెల్లగా దింపింది.

"ఆయన ఏమన్నారు? ఆరేదాకా ఎవరూ అడుగు పెట్టకూడదన్నారు. ఆరితే ఆవిడ వస్తానంది. వదినగారూ అని పిలిచి మరీ చెప్పింది. ఇప్పుడు నేను అడుగు వేసి అంతా పాడుచేసుకోనా? దోటి తెండిరా."

ఆ మధ్యాహ్నం మూడింటికి చిట్టబ్బాయి కిటికీ కింద పీట వేసుకుని కూర్చున్నాడు. పీట చూసి మొదట భయపడ్డాడు గానీ, అది ఆరిన నేల. "అక్కా, మొదటి రోజే కష్టం. తర్వాత మడమలు అలవాటు పడతాయి. గునపం కావాలా?" అన్నాడు.

"కావాలిరా" అంది వరహాలమ్మ పైనుంచి. "రాత్రి నీకు గడ్డం నొప్పి పుట్టలేదూ?"

"పుట్టింది. గుడ్డ చుట్టుకుంటే పోతుంది. నీకు పైన గాలొస్తోందా?"

"వస్తోంది."

పాతికేళ్ళలో ఆ ఇంట్లో అక్కాతమ్ముళ్ళు ఒకరి మాటకి ఒకరు సరైన జవాబు చెప్పుకోవడం అదే మొదలు. ఆవిడ గమనించలేదు. ఆవిడ చూపంతా మన్ను మీదే ఉంది, ఎంత ఆరిందా అని.

మర్నాడు తెల్లవారగానే గవరయ్యా సోమలింగం చెరో బకెట్టూ పట్టుకుని మెట్లెక్కి గుమ్మం దగ్గర నిలబడ్డారు. "అక్కా, శ్రావణ శనివారం. స్నానం."

వరహాలమ్మ బకెట్ల వైపు చూసింది. తన కాళ్ళ చుట్టూ ఉన్న మన్ను వైపు చూసింది. ముక్కుపుడక మూడు చుట్లు తిప్పింది. ముఖం వెలిగింది.

"ఆగండ్రా వెధవల్లారా! వాడికి మూడు రోజులూ చన్నీళ్ళు పోశారు, అందుకే ఆరలేదు. ఈ ఇంట్లో బుర్ర ఉన్నది నాకొక్కదానికే. వెళ్ళి బాగా మరిగించి తెండి. వేణ్ణీళ్ళయితే తొందరగా ఆరుతుంది."